బాల్యపు గాయాన్ని క్లైమాక్స్ మలుపుగా దాచకండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఇంటి గుట్టు, దాని కింద నలిగిన బాల్యం. ఈ రెంటి చుట్టూ అల్లిన సైకలాజికల్ డ్రామాలు థియేటర్లలోనూ ఓటీటీల్లోనూ తరచుగా వస్తున్నాయి. హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్‌లలో షార్ట్ ఫిలింలు తీసే యువ బృందాల్లో కూడా ఈ వస్తువు మీద మోజు కనిపిస్తోంది. వస్తువు మీద మాకు గౌరవమే. అభ్యంతరమల్లా కథను కట్టే తీరు మీద. ఇంటర్వెల్ దాకా కథానాయిక ఎందుకో ఉలిక్కిపడుతుంటుంది, ఎందుకో ఒక గది వైపు పోదు. ఇంటర్వెల్ దగ్గర పాత ఫోటో ఒకటి దొరుకుతుంది. సినిమా ఇంకో ఇరవై నిమిషాల్లో అయిపోతుందనగా ఫ్లాష్‌బ్యాక్ తెరిచి, అప్పుడు జరిగింది ఇదీ అని చూపిస్తారు. హాలంతా నిశ్శబ్దమైపోతుంది. దర్శకుడు కోరుకున్నది ఆ నిశ్శబ్దాన్నే. పసితనంలో తగిలిన గాయాన్ని ఇట్లా ఆఖరి మలుపుగా దాచిపెట్టాలన్న నిర్ణయం ఒక్కటి తీసుకుంటే చాలు, మిగతా తప్పులు దాని వెంటే వరసగా వస్తాయి. అవి ఎట్లా వస్తాయో, వాటికి బదులు ఏం చేయవచ్చో వివరంగా రాస్తున్నాం.

మొదటి తప్పు జ్ఞాపకం దగ్గర జరుగుతుంది. ప్రేక్షకుడి నుంచి సంగతి దాచాలంటే, కథ ఎవరి కళ్ళతో నడుస్తోందో ఆ మనిషికి కూడా అది తెలియకూడదు. అందుకని రచయిత ఆమెకు మతిమరుపు తెచ్చిపెడతాడు. మానసిక దెబ్బ వల్ల జ్ఞాపకం పోయే డిసోసియేటివ్ అమ్నీసియా అనే స్థితి ఉన్నమాట నిజమే గాని అరుదు. చిన్నతనంలో దెబ్బతిన్నవాళ్ళలో ఎక్కువమందిది మరిచిపోలేని బాధ. వాళ్ళకు తెలుసు, చెప్పరు. ఆ ఊరికి, ఆ చుట్టం ఇంటికి, ఆ వాసనకు దూరంగా ఉండేటట్టు బతుకును సర్దుకుంటారు. ఒక్కోసారి మొత్తం వరస గుర్తుండదు, ముక్కలు మాత్రం చెరగవు: తలుపు గొళ్ళెం చప్పుడు, చొక్కాకు పట్టిన బీడీ వాసన, గోడ మీది క్యాలెండర్ బొమ్మ.

మతిమరుపు పెట్టాక దాన్ని పోగొట్టడానికి హిప్నాటిజం సీను కావలసి వస్తుంది. డాక్టరు ఏదో ఊపుతూ అంకెలు లెక్కపెడతాడు, ఆమె కళ్ళు మూసుకుని పాతికేళ్ళ కిందటి సంగతి మాటకు మాట అప్పజెబుతుంది. జ్ఞాపకం అట్లా పనిచేయదు. జ్ఞాపకశక్తి మీద పరిశోధించిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లోఫ్టస్ బృందం 1995లో ప్రచురించిన ప్రయోగంలో 24 మందికి వాళ్ళ బాల్యంలోని మూడు నిజ సంఘటనలతో పాటు, చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయారన్న కట్టుకథ ఒకటి కలిపి ఇచ్చారు. తర్వాతి ఇంటర్వ్యూల్లో కూడా ఆరుగురు ఆ కట్టుకథను పూర్తిగానో కొంతగానో తమ జ్ఞాపకంగానే చెప్పారు. హిప్నాటిజం కింద ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే అడిగేవాడి మాటలోని సూచనను మనసు సులువుగా అందుకుంటుంది. అందుకే గాయపడిన బాల్యానికి వైద్యం చేసేవాళ్ళు మామూలుగా హిప్నాటిజంతో పాతవి తవ్వడానికి పూనుకోరు. తెర మీద ఆ సీను వల్ల జరిగే నష్టం సినిమాతో ఆగదు. రేపు నిజంగా ఒక అమ్మాయి ఇంట్లో నోరు తెరిస్తే, నీకు ఏదో సినిమా చూసి గుర్తొచ్చినట్టుంది అనడానికి బంధువులకు ఒక సాకు దొరుకుతుంది.

దీనికి బదులు చేయవలసింది సులువైనదే. కథానాయికకు అంతా తెలుసన్న సంగతి మొదటి పదిహేను నిమిషాల్లోనే ప్రేక్షకుడికి తెలియనివ్వండి. ఉత్కంఠ ఎక్కడికీ పోదు. ఏం జరిగిందన్న ప్రశ్న పోయి, ఎవరికి చెబుతుంది, చెబితే ఇల్లు ఏం చేస్తుంది అన్న ప్రశ్న వస్తుంది. రెండున్నర గంటలు మోయగలిగిన బలం ఈ రెండో ప్రశ్నకే ఉంది.

జ్ఞాపకాన్ని తీసే పద్ధతి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పాత రోజులనగానే గోధుమరంగు పూసి, స్లో మోషన్ పెట్టి, వయొలిన్ వేస్తారు. ఆరేళ్ళ పిల్ల కంటి ఎత్తు సుమారు మూడున్నర అడుగులు. కెమెరా అక్కడ పెట్టి చూడండి: పెద్దవాళ్ళ మొహాలు ఫ్రేములోకి రావు, నడుములు, చేతులు, చెప్పులు, లుంగీ అంచులు వస్తాయి. ఆ పిల్ల చూసిన ప్రపంచం అదే. ముక్కలను సెకను రెండు సెకన్లకు మించనీయకుండా, వరస తప్పించి, రంగు మార్చకుండా ఇప్పటి సీను మధ్యలోనే పెట్టాలి, ఎందుకంటే గాయపడినవాళ్ళకు అది గతంలాగా రాదు, ఇప్పుడే జరుగుతున్నట్టు వస్తుంది. వాసనను తెర మీద చూపలేం కాబట్టి ఆ బరువంతా చప్పుడు మీద వేయాలి. ఇప్పటి ఇంట్లో గొళ్ళెం పడ్డ చప్పుడుకు, అప్పటి గొళ్ళేనికి ఒకే గొళ్ళెం చప్పుడు వాడి, రెండోసారి మైకును దగ్గర పెట్టి తీస్తే సంగీతం అవసరమే ఉండదు. ఆ కాసేపు వెనక ఫ్యాను చప్పుడు కూడా తీసేయండి.

రెండో తప్పు లక్షణాలది. మలుపు దాకా సంగతి చెప్పకూడదు కాబట్టి, ఆమెలో ఏదో ఉందని తెలియడానికి పెద్ద పెద్ద గుర్తులు కావాలి. అందుకే అద్దాలు పగలగొట్టడం, గొంతు మార్చి మాట్లాడటం, రెండో మనిషి పూనడం. ఒకే మనిషిలో వేరువేరు వ్యక్తిత్వాలు కనిపించే డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్‌ను దయ్యం పట్టినదానికి మర్యాదైన పేరుగా వాడుకుంటున్నారు. గాయం అసలు కనిపించేది చిన్న పనుల్లో. పక్క తడపడం ఎప్పుడో మానేసిన పిల్ల ఏడేళ్ళప్పుడు మళ్ళీ మొదలుపెడుతుంది. బడికి పోయే పొద్దున్నే కడుపునొప్పి అంటుంది, పరీక్షల్లో ఏమీ తేలదు. బొమ్మలతో ఒకే ఆట, ఒకే ముగింపుతో, ఆనందం లేకుండా ఆడుతుంది. ఆరేళ్ళు, అంతకన్నా చిన్న పిల్లల్లో పీటీఎస్‌డీని, అంటే ఘోర అనుభవం తర్వాత మిగిలే మానసిక రుగ్మతను, గుర్తించడానికి 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం వేరే ప్రమాణాలు పెట్టింది ఇందుకే, ఆ వయసులో పిల్లలు బాధను మాటల్లో చెప్పలేరు, ఆటలో చెబుతారు. పదీ పన్నెండేళ్ళ పిల్లల్లో మార్కులు పడిపోవడం, ఊరికే కోపం. పెద్దయ్యాక హోటల్లో ఎప్పుడూ తలుపు కనిపించేటట్టు కూర్చోవడం, లైటు వేసుకుని పడుకోవడం, వెనక నుంచి ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే ఒళ్ళు బిగుసుకుపోవడం, ఇంటి బరువంతా తనే మోస్తూ ఒక్క సాయం కూడా అడగలేకపోవడం. మంచి నటికి ఈ ఒక్కొక్కటీ ఒక సీను. 'ఎర్రగడ్డకు పంపాలె' అన్న డైలాగును మాత్రం దయచేసి పూర్తిగా వదిలేయండి. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి వెళ్ళవలసిన మనిషిని వెళ్ళకుండా ఆపుతున్న మాట అది.

గాయం అనగానే ఒకే ఒక ఘోర సంఘటన ఉండాలనుకోవడం కూడా మలుపు మీద మోజు నుంచి వచ్చిందే. అమెరికాలో శాన్ డియాగోలోని కైజర్ పెర్మనెంటే సంస్థలో జరిగిన బాల్య ప్రతికూల అనుభవాల అధ్యయనం 1998లో మొదటిసారి ప్రచురణకొచ్చింది. మొత్తం మీద 17 వేలకు పైగా పెద్దవాళ్ళను ప్రశ్నించిన ఆ అధ్యయనంలో చివరికి స్థిరపడిన పది అంశాల్లో సగం నేరుగా పిల్లకు చేసినవి, లేదా చేయకుండా వదిలేసినవి. మిగతా సగం ఇంటి వాతావరణానివి: మద్యం లేదా మత్తు, పెద్దల మానసిక అనారోగ్యం, తల్లిని కొట్టడం, తల్లిదండ్రులు విడిపోవడం, ఇంట్లో ఒకరు జైలుకు పోవడం. ఈ అంశాల సంఖ్య పెరిగినకొద్దీ పెద్దయ్యాక వ్యసనాలు, డిప్రెషన్, గుండె జబ్బు దాకా ముప్పు పెరిగింది. అది జనంలో కనిపించిన ధోరణే. ఒక మనిషికి పదిలో ఆరు ఉన్నాయి కాబట్టి ఆమె బతుకు ఇట్లాగే అవుతుందని డాక్టరు పాత్రతో చెప్పించకూడదు.

ఇంకో సంగతి. మన కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో విడుదల చేసిన అధ్యయనం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడింది. అందులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నవాళ్ళు 53.22 శాతం. వాళ్ళలో మగపిల్లలే సగం కన్నా కొంచెం ఎక్కువ. మన సినిమాలో మగపిల్లవాడి కథ ఎక్కడుంది? ఇంట్లో మేనమామో, ట్యూషన్ సారో పాడుచేసిన కొడుకు పెద్దయ్యాక ఎట్లాంటి తండ్రి అవుతాడన్నది ఇంకా ఎవరూ సరిగ్గా తాకని కథ.

ఇక అన్నిటికన్నా పెద్ద నష్టం ఇంటికి జరుగుతుంది. మలుపు కోసం కథ రాస్తే ఇంట్లో మిగతావాళ్ళంతా అనుమానితులుగానో అమాయకులుగానో మిగిలిపోతారు. నిజానికి ఇంటి గుట్టు ఒకరు కాపాడేది కాదు, నలుగురూ కలిసి కాపాడేది. స్క్రిప్టు మొదలుపెట్టేముందు ఒక పెద్ద కాగితం తీసుకుని ప్రతి పాత్రకూ నాలుగు సంగతులు రాయండి: ఏం తెలుసు, ఎప్పటి నుంచి, ఎవరి నోట విన్నారు, బయటపడితే వాళ్ళకు ఏం పోతుంది. నానమ్మకు అంతా తెలుసు, కొడుకు కాపురం నిలవాలని మూసేసింది. తల్లికి సగం తెలుసు, మిగతా సగం అడగకుండా బతుకుతోంది. చిన్నాయనకు ఏమీ తెలియదు గాని అన్న మొహం ఎందుకు చూడబుద్ధి కాదో ఆయనకే అర్థం కాదు. ఈ కాగితం నిండాక సీన్లు వాటంతట అవే పుడతాయి, ఎందుకంటే ఎవరు గదిలోకి రాగానే ఎవరి మాట ఆగిపోతుందో మీకు తెలిసిపోతుంది.

గుట్టు దాచడానికి మన ఇళ్ళల్లో వాడే పద్ధతులు కూడా తెర మీదికి రావడం లేదు. తాళం వేసిన గది, రక్తపు మరక, పాత డైరీ ఎక్కడివో తెలియని ఇళ్ళవి. ఇక్కడి ఇళ్ళల్లో గుట్టు పెండ్లి పత్రికలో ఉంటుంది, ఉండాల్సిన ఒక అత్త పేరు అందులో ఉండదు. బతుకమ్మ పండుగకు ఆడబిడ్డలందరూ పుట్టింటికి వస్తారు, ఒకామె మాత్రం ఏటా ఏదో సాకు చెబుతుంది. పెత్రమాస నాడు పొద్దున చనిపోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తారు. పేర్లు చదివే ఆ సమయాన, ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఎత్తని పేరు ఒకటి పిల్ల చెవిన పడితే? అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున పేరు విన్న పిల్ల సాయంత్రం ఆటలో ఎవరి మొహం వైపు చూస్తుందో అన్నంత మటుకే ఒక పావుగంట సినిమా ఉంది, దానికి ఒక్క డైలాగు కూడా అక్కర్లేదు.

కాగితాలు ఇంకో దారి. పిల్లలు లేని అక్క చెల్లె బిడ్డను తెచ్చి పెంచుకోవడం మన ఊళ్ళలో ఉన్నదే, అందులో తప్పేమీ లేదు. దాచిపెట్టడంలోనే చిక్కంతా. పదో తరగతి మెమోలో ఒక తండ్రి పేరు, రేషన్ కార్డులో ఇంకో తండ్రి పేరు ఉన్నప్పుడు, ఇంటర్ అడ్మిషన్ దగ్గర క్లర్కు ఆ కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తాడు. పదహారేళ్ళ పిల్లవాడికి తన పుట్టుక గుట్టు నలుగురి ముందు, కౌంటర్ దగ్గర తెలుస్తుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు తండ్రి దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉండి రెండేళ్ళకోసారి వచ్చే ఇళ్ళలో గుట్టు ఫోనులో ఉంటుంది. ఏం మాట్లాడాలో ముందే చెప్పి పిల్ల చేతికి ఫోన్ ఇస్తారు. 'బాపుకు గివన్నీ చెప్పకు బిడ్డా, అక్కడ పరేషాన్ అయితడు.' పిల్లకు అబద్ధం నేర్పినట్టు ఆ తల్లికి అనిపించదు, మొగుణ్ణి కాపాడుకుంటున్నాననే అనుకుంటుంది. రైతు తండ్రి పురుగుల మందు తాగి పోతే, గుండెపోటని చెప్పి పిల్లను పెంచిన ఇళ్ళూ ఉన్నాయి. ఆ పిల్ల బడిలో ఎవరి నోటనో నిజం వింటుంది. అప్పటి నుంచి చావుకన్నా అబద్ధమే ఎక్కువ బాధిస్తుంది.

గుట్టును కాపాడే మాటలు కూడా యాసలోనే ఉండాలి. 'గీ ముచ్చట గడప దాటొద్దు', 'నలుగుర్ల ఇజ్జత్ పోతది', 'అయిపోయినదాన్ని ఇప్పుడెందుకు కెలుకుతవ్' అని ప్రేమగా, అన్నం వడ్డిస్తూ చెప్పే గొంతు కావాలి. పళ్ళు కొరికే విలన్ గొంతు వద్దు. పిల్లను పాడుచేసిన మనిషి కూడా ఇంట్లో అందరికీ ఇష్టమైనవాడే అయి ఉంటాడు. పండుగకు బట్టలు తెచ్చేవాడు, పిల్లలను బండి మీద తిప్పేవాడు. 2007 అధ్యయనంలోనే వేధించినవాళ్ళలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్ళో, పెద్దలు నమ్మి బాధ్యత ఇచ్చినవాళ్ళో అని తేలింది. మొదటి సీనులోనే నీలిలైటు వేసి వాణ్ణి పట్టిస్తే, ప్రేక్షకుల్లో ఉన్న తల్లులకు తప్పుడు పాఠం నేర్పినట్టవుతుంది.

డాక్టరు పాత్ర విషయం క్లుప్తంగా చెబుతాం. సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత ఆ విభాగంలో పీజీ చేసి మందులు రాసే వైద్యుడు. క్లినికల్ సైకాలజిస్ట్ భారత పునరావాస మండలిలో నమోదై, మాటలతో చికిత్స చేసే నిపుణుడు. సినిమాలో ఈ ఇద్దరినీ కలిపి ఒక మంత్రగాణ్ణి చేస్తున్నారు. పిల్లల గాయానికి బాగా పరీక్షకు నిలిచిన ట్రామా ఫోకస్డ్ సీబీటీ (గాయం మీద దృష్టి పెట్టి, ఆలోచనలను, ప్రవర్తనను సరిదిద్దే మాటల చికిత్స) మామూలుగా పన్నెండు నుంచి పదహారు సెషన్లు నడుస్తుంది. ముందు భద్రత, నిద్ర, ఊపిరిని అదుపులో పెట్టుకోవడం. జరిగినదాన్ని చెప్పించడం ఆ తర్వాతే. మొదటిసారి చెప్పిన రోజు రాత్రి మనిషి తేలికపడకుండా ఇంకా కుంగిపోవచ్చు కూడా, పీడకలలు పెరగవచ్చు. కౌగిలించుకుని ఏడ్చి మర్నాడు నవ్వుతూ లేచే సీను ఎందుకు అబద్ధమో దీనితో తెలుస్తుంది. డిప్రెషన్ మందులు పనిచేయడం మొదలుపెట్టడానికి కూడా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయడం, ఏ రూపంలోనైనా గొలుసులతో కట్టేయడం నిషిద్ధం. రోగి చెప్పింది వైద్యుడు గోప్యంగా ఉంచాలి. కన్సల్టేషన్ గదిలోంచి బయటికొచ్చి వరండాలో ఉన్న బంధువులకు మొత్తం కథ చెప్పే డాక్టరు సీను చట్టాన్ని ఉల్లంఘిస్తోందని రచయితకు తెలియాలి.

చట్టం దగ్గర జరిగే పొరపాట్లు ఇంకా ఎక్కువ. 1990లలో జరిగిన ఘటనకు, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింద కేసు పెట్టినట్టు రాస్తారు. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2012 నవంబర్ 14న, అంతకు ముందువాటికి వర్తించదు. అప్పటి ఐపీసీ సెక్షన్లే చూడాలి. అత్యాచారం కేసుకు కాలపరిమితి లేదు గాని, స్త్రీ గౌరవానికి భంగం కలిగించే చేష్టలకు పెట్టే 354 సెక్షన్ కింద 2013 సవరణకు ముందు గరిష్ఠ శిక్ష రెండేళ్ళే కాబట్టి ఆ కేసు మూడేళ్ళలోపు కోర్టుకు రాకపోతే కాలం చెల్లే ప్రమాదం ఉండేది. పాతికేళ్ళకు ధైర్యం తెచ్చుకుని స్టేషన్‌కు వెళ్ళిన మనిషికి ఎదురయ్యే ఈ గోడను ఎవరైనా సరిగ్గా చూపిస్తే అందులోనే గొప్ప నాటకం ఉంది.

వర్తమానంలో ఇంట్లో ఇంకో పిల్ల ఉంటే కథ మొత్తం మారిపోతుంది. ఏళ్ళ తరబడి నోరు మెదపని తల్లి, తన కూతురుకు సరిగ్గా తనకు అప్పుడున్న వయసు రాగానే నిద్రకు దూరమవడం వైద్యులకు బాగా తెలిసిన సంగతి. ఆ పిల్లకూ అదే జరిగినా, జరిగే ముప్పు ఉందని తెలిసినా పోక్సో నేరుగా వర్తిస్తుంది. సెక్షన్ 19 ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పాలి, చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ. అంటే నానమ్మ మౌనం ఇప్పుడు నేరం. వాంగ్మూలం పిల్ల ఇంట్లోనో, తనకు ఇష్టమైన చోటో తీసుకోవాలి, వీలైనంత వరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా, పిల్లకు నమ్మకమున్న మనిషి పక్కన ఉండగా. ఇరవైనాలుగు గంటల్లో పోలీసులు బాలల సంక్షేమ సమితికీ ప్రత్యేక కోర్టుకూ తెలియజేయాలి. విచారణ మూసిన గదిలో జరుగుతుంది, లాయర్లు ప్రశ్నలను జడ్జికి ఇస్తే జడ్జి పిల్లను అడుగుతారు, నిందితుడు పిల్ల కంటపడకూడదు. నిండిన కోర్టులో బోనులో నిలబెట్టి లాయరు పిల్ల మీద అరిచే సీన్లు తీసి తీసి, కేసు పెడితే మా బిడ్డను అందరి ముందు అట్లా నిలబెడతారన్న భయాన్ని జనంలో నాటారు. ఆ భయంతో వెనక్కి తగ్గే కుటుంబాలకు భరోసా కేంద్రం గురించి సినిమా ఒక్క సీనులో చెప్పగలదు. వాంగ్మూలం, కౌన్సెలింగ్, న్యాయ సాయం ఒకే కప్పు కింద అందించడానికి తెలంగాణ పోలీసులు పెట్టినవి ఇవి, వరంగల్‌లోనూ ఉంది.

ఇక మలుపు కోసం ఆఖరికి బలయ్యేది ఆ సీనులో నటించే పిల్ల. పెద్ద షాక్ కావాలంటే ఘటనను చూపించాలి, చూపించాలంటే ఒక పసిబిడ్డను ఆ మంచం మీద పడుకోబెట్టాలి. ఇది చేయనే వద్దు. పిల్ల మూసిన తలుపు వైపు చూస్తున్న షాటును వేరే రోజు, వేరే కారణంతో తీయండి. తలుపు అవతల పిల్లికూన ఉంది, చప్పుడు విని చెప్పమ్మా అంటే చాలు, ఆ చెవి ఒగ్గిన మొహమే మీకు కావలసింది. పెద్ద నటుడి షాటు పిల్ల సెట్‌లో లేనప్పుడు తీయండి. ఇద్దరూ ఒకే ఫ్రేములో అక్కర్లేదు, గొళ్ళెం చప్పుడు ఆ రెంటినీ కలుపుతుంది. పిల్లకు తన పేజీలు మాత్రమే ఇవ్వాలి, తల్లిదండ్రులకు మాత్రం స్క్రిప్టు మొత్తం చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. ఏడుపు కోసం భయపెట్టడం, మీ అమ్మ వెళ్ళిపోయిందని చెప్పడం కొన్ని సెట్లలో ఇంకా నడుస్తోంది. అది నటన రాబట్టడం కాదు, సినిమా పేరుతో కొత్త గాయం చేయడం. ఏడుపు కావాలంటే వీపు వైపు నుంచి తీసి గొంతు డబ్బింగ్‌లో పెట్టుకోవచ్చు. దుర్మార్గుడి పాత్ర వేసే నటుడు మేకప్‌కు ముందు రోజూ కాసేపు పిల్లతో ఆడుకోవాలి, కట్ చెప్పగానే అదే మనిషి తన అసలు పేరుతో పిల్లను పలకరించాలి.

అనుమతుల సంగతి షార్ట్ ఫిలిం బృందాలకు ముఖ్యంగా చెప్పాలి. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం కింద 2017లో మార్చిన నియమాల్లో ఇదంతా స్పష్టంగా ఉంది. షూటింగ్ జరిగే జిల్లా కలెక్టరు అనుమతి ముందుగా తీసుకోవాలి, అది ఆరు నెలలు చెల్లుతుంది. రోజుకు ఐదు గంటలు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు, వరసగా ఇరవైఏడు రోజులకు మించి పని చేయించకూడదు. ఐదుగురు పిల్లలకు కనీసం ఒక బాధ్యుడు ఉండాలి. పారితోషికంలో ఇరవై శాతానికి తగ్గకుండా పిల్ల పేరు మీద జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. సెన్సార్ దగ్గర కూడా 1991 మార్గదర్శకాల్లోనే పిల్లలపై హింసను అవసరం లేకుండా చూపించకూడదని ఉంది. కాబట్టి ఘటనను చూపించిన బృందం చివరికి ఎట్లాగూ కత్తెరతోనే బయటికి రావచ్చు.

ముగింపు గురించి ఒక్క మాట. తప్పు చేసిన పెద్దాయన మంచాన పడి ఉండగా కథానాయిక కాళ్ళ దగ్గర కూర్చుని క్షమించడం, ఇల్లంతా కలిసి పండుగ చేసుకోవడం తరచూ చూస్తున్నాం. క్షమించకుండానే కోలుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. చికిత్సలో క్షమాపణ షరతు కాదు. ఆమె ఆ ఇంటికి పోకుండా, అమ్మతో మాత్రం ఫోన్లో మాట్లాడుతూ బతకడం కూడా ఒక ముగింపే, మన ప్రేక్షకుడు దాన్ని అర్థం చేసుకోగలడు.

సంపాదకులు గారూ, మీ సినిమా పేజీకి కూడా ఒక విన్నపం ఉంది. మలుపు చెప్పకూడదన్న మర్యాదతో సమీక్షకులు ఈ సినిమాల్లో ఏముందో అసలే రాయడం లేదు. దాంతో చిన్నప్పుడు అదే అనుభవం ఉన్న పాఠకురాలు ఏమీ తెలియకుండా టికెట్ కొనుక్కుని, చీకట్లో, పక్కన కుటుంబంతో కూర్చుని ఆ సీను చూడవలసి వస్తోంది. రేటింగ్ నక్షత్రాల కింద ఒక్క వాక్యం చాలు: 'ఈ చిత్రంలో పిల్లలపై వేధింపు సన్నివేశాలున్నాయి' లేదా 'ఆత్మహత్య ప్రస్తావన ఉంది'. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నది చెప్పకుండానే ఇది రాయవచ్చు. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణతో యూఏ సర్టిఫికెట్‌ను 7+, 13+, 16+ అని విడగొట్టారు. ఆ అంకెను కూడా సమీక్షలో వేస్తే పిల్లలను తీసుకుపోయే తల్లిదండ్రులకు పనికొస్తుంది.

నిర్మాతలకు చివరగా: ఆఖరి షాటుకూ చివర్లో పేర్లు పడే టైటిల్స్‌కూ మధ్య పాట ఆపి, తెలుగులో పెద్ద అక్షరాలతో పిల్లల సాయానికి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, మానసిక ఆరోగ్య సాయానికి టెలిమానస్ 14416 నంబర్లు కనీసం ఎనిమిది సెకన్లు ఉంచండి. రెండూ ఉచితమే, రాత్రి పగలు పనిచేస్తాయి, టెలిమానస్‌లో తెలుగులో మాట్లాడవచ్చు. యూట్యూబ్‌లో పెట్టే షార్ట్ ఫిలింలకైతే అవే నంబర్లు వివరణలో మొదటి వరసలోనూ, పిన్ చేసిన కామెంట్‌లోనూ ఉండాలి, ఎందుకంటే ఫోన్లో చూసేవాళ్ళు ఆఖరి కార్డు రాకముందే తర్వాతి వీడియోకు పోతారు.

ఇట్లు,
బాలల మానసిక ఆరోగ్యం, స్క్రిప్టు రచన రంగాల్లో పనిచేస్తున్న కొందరు పాఠకులు,
హనుమకొండ.